ఒట్టు పెట్టని మా మేనత్త

మా మేనత్త పోయింది. కోరుట్లలో తన ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగానే ప్రాణం పోయిందని ఆమె బిడ్డ ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు సిరిసిల్లలో పనిలో ఉన్నాను. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడం నా బతుకుదెరువు. ఆ చప్పుడులో ఫోన్ మాట్లాడలేక బయటికొచ్చి నిలబడ్డాను.

"బావా, అమ్మ పోయిందే. నువ్వు జెప్పన రా" అంది మరదలు. ఏడుస్తూనే ఇంకో మాట చెప్పింది. "నిన్ననే దవాఖానకు పోదామన్న. 'గా డాక్టరు ఇచ్చే గోలీలు ఆయన ఇంట్లోళ్లకు ఏస్తడా, అడిగినవా?' అన్నది. అడిగొస్తననుకుంట నేను ఊకున్న బావా."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. పక్క షెడ్డు వాళ్ళు వింతగా చూశారు. చూడనీ. మా మేనత్త పోయిందని చెప్పడానికి అంతకన్నా సరైన మాట మరొకటి దొరకదు.

వేములవాడ, కథలాపూర్ మీదుగా కోరుట్ల బస్సు పట్టుకున్నాను. దారంతా ఆమెతో వాదించుకుంటూనే పోయాను. బతికున్నప్పుడు కూడా మేం కలిసిన ప్రతిసారీ అదే పని. నేను ఇరవై ఏళ్లు నిండకముందే కార్మిక సంఘంలో చేరినవాణ్ణి. జెండా కనబడితే కాళ్ళు వాటంతటవే నడిచేవి. ఆమె ఏ జెండా కిందా నిలబడలేదు. ఏ నినాదానికీ గొంతు కలపలేదు. "నీకు దేని మీదా నమ్మకం లేదత్తా" అని నేను తిట్టేవాణ్ణి. "నమ్మకం లేదంటలేనురా అల్లుడా. ఇంకా రాలేదంటున్న" అనేది ఆమె, బీడీ చివర దారం బిగిస్తూ.

ఆమె బీడీలు చుట్టేది. ఆ గల్లీలో అందరూ చుట్టేవారు. మొగవాళ్ళలో కొందరు భీమండిలో మగ్గాల మీద, కొందరు బొంబాయిలో, కొందరు దుబాయి, మస్కట్‌లలో ఉండేవారు. మా మామయ్య కూడా భీమండిలోనే ఉండేవాడు. దగ్గు పట్టుకుని అక్కడే పోయాడు. ఇక్కడ ఆడవాళ్ళు ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి కుటుంబాలు నడిపారు. పొద్దున పది గంటలకు మా అత్త అరుగు మీద చోటు దొరికేది కాదు. అక్కడ చాటలన్నీ ఒకచోట చేరేవి, ఊరి ముచ్చట్లన్నీ తేలేవి. అందుకే ఓట్లప్పుడు ప్రతి పార్టీవాడూ ముందు ఆ అరుగు దగ్గరికే వచ్చేవాడు.

ఎవరొచ్చినా ఆమె ఒకటే ప్రశ్న అడిగేది. "ఓడిపోతె గూడ అస్తవా బిడ్డా?" పెద్దవాడైతే బిడ్డా బదులు సారూ అనేది, అంతే తేడా. వచ్చినవాళ్ళు నవ్వి దండం పెట్టి పోయేవారు. ఒక్కసారి మాత్రం, వార్డు కౌన్సిలరుగా నిలబడి ఓడిపోయిన ఒక పిల్లగాడు ఫలితాలొచ్చిన మర్నాడు నిజంగానే వచ్చాడు. మొహం వేలాడేసుకుని, "ఓడిపోయిన అవ్వా. అచ్చిన" అని అరుగు ముందు నిలబడ్డాడు. మా అత్త చాట పక్కన పెట్టి లేచి, చాయ్ పెట్టి తెచ్చి ఇచ్చింది. "ఏం పేరు బిడ్డా నీది?" అని అప్పుడడిగింది. ఓటు అతనికే వేశావా అని నేను ఎన్నోసార్లు అడిగాను. చెప్పలేదు.

తెలంగాణ కోసం గల్లీలు గల్లీలే రోడ్డెక్కిన కాలంలో కూడా ఆమె అంతే. ఆడవాళ్ళు రోడ్డు మీద బతుకమ్మ ఆడితే పోయి ఆడింది, పాడింది. పాట అయిపోయి నినాదాలు మొదలు కాగానే పక్కకు తప్పుకుంది. "ఏమత్తా, నీకు రాష్ట్రం వద్దా?" అని కోపంగా అడిగాను. "వద్దని ఎవలన్నరురా? అచ్చినంక భీమండి పోయినోళ్లు తిరిగొస్తరా, గది చెప్పు" అంది. వస్తారన్నాను. నాకు తెలిసి అనలేదు, కావాలనిపించి అన్నాను. రాష్ట్రం వచ్చిన రోజు స్వీటు తీసుకెళ్ళి ఆమె నోట్లో పెట్టాను. "ఇప్పుడన్న నమ్ముతవా?" అంటే నింపాదిగా నమిలి, "మిఠాయి అయితె మంచిగున్నది" అంది. చంపెయ్యాలనిపించింది.

ఇదంతా చదివి ఆమెను గడుసు ముసలమ్మ అనుకుంటారేమో. కాదు. ఆమెను నేను ఎందుకు మరచిపోలేనో చెప్పాలంటే సరోజన సంగతి చెప్పాలి.

అది రాష్ట్రం రావడానికి చాలా ముందు. సిరిసిల్లలో సాంచాలు ఆగిపోయి, నేతవాళ్ళు ఉరి పోసుకున్న వార్తలు పేపర్లో రోజూ వస్తున్న కాలం. పని లేక నేను సంఘం ఆఫీసులోనే ఉండేవాణ్ణి. కోరుట్లలో మా అత్త గల్లీలోనే ఉండే సరోజనకు బీడీల కార్ఖానాలో గుమాస్తాతో గొడవైంది. చుట్టిన బీడీలు అప్పజెప్పేటప్పుడు బాగలేవని గుమాస్తా కొన్ని తీసి విరిచి పారేస్తాడు. ఆ రోజు గుప్పిళ్ళకొద్దీ విరిచాడట. సరోజన ఊరుకోలేదు. "ఏం బాగలేదో చూపెట్టు" అని చెయ్యి పట్టుకుంది. మర్నాటి నుంచి ఆమెకు ఆకు ఇవ్వడం మానేశారు. పీఎఫ్‌లో ఆమె పేరు కొట్టేస్తామన్నారు. బీడీలు చుట్టే మనిషికి ఆ పేరే ఆధారం. నడుం వంగిపోయాక వచ్చే పింఛను దాని మీదే వస్తుంది. సరోజన భర్త దుబాయి పోయి ఏడాది దాటినా మాట లేదు, మనియార్డరు లేదు. ఇద్దరు పిల్లలు. పేరు పోతే ఆమె కూడా పిల్లలను తీసుకుని భీమండి బస్సెక్కాల్సిందే.

సంఘం సమ్మె చేయాలని తీర్మానించింది. "కోరుట్లల మీ అత్త ఒప్పుకుంటే గల్లీ మొత్తం ఒప్పుకుంటది. నువ్వే పో" అని కార్యదర్శి నన్ను పంపాడు. పోయాను. కార్యదర్శి కూడా వచ్చాక సభ పెట్టాం. సరోజనను మళ్ళీ తీసుకునేదాకా ఎవరూ ఆకు ముట్టకూడదు, బీడీ చుట్టకూడదు అని మాట. మాట మీద నిలబడడానికి ఒట్టు కావాలని ఆడవాళ్ళే అన్నారు. ఒక చాటకు పసుపు రాసి, బొట్లు పెట్టి, అందులో తంబాకు, కత్తెర ఉంచారు. కొండగట్టు అంజన్న పేరు చెప్పి ఒక్కొక్కరే వచ్చి ఆ చాట మీద చెయ్యి పెట్టారు. నాకు ఒళ్ళు పులకరించింది. అట్లాంటి సభ అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత చూడలేదు.

మా అత్త వంతు వచ్చింది. చాట దగ్గరికి వచ్చి నిలబడి అందరినీ ఒకసారి చూసింది.

"మరి నానవెట్టిన ఆకు ఏం జేద్దామే?" అంది.

తునికాకును ముందురోజు సాయంత్రమే తడిపి గోనెగుడ్డలో చుట్టి పెడతారు. అప్పుడే మెత్తబడి కత్తెరకు లొంగుతుంది. ఒకసారి తడిపిన ఆకు నిలవ ఉండదు, బూజు పడుతుంది. తెచ్చుకున్న ఆకుకు సరిపడా బీడీలు అప్పజెప్పాలి. అక్కడున్న ప్రతి ఆడమనిషి ఇంట్లోనూ ఆ గంటలో నానిన ఆకు ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు. నాకూ తెలుసు, మా అమ్మా బీడీలు చుట్టే నన్ను సాకింది. కానీ పసుపు రాసిన చాట ముందు ఆ మాట ఎవరికి గుర్తొస్తుంది?

"పెద్ద పోరాటం ముందట వెట్టుకోని ఆకు ముచ్చట ఏందమ్మా?" అన్నాడు కార్యదర్శి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"నవ్వుండ్రి. గని ఇంట్ల ఆకు నాని ఉన్నది. ఇంటికి పోయినంక నా చెయ్యి ఏం జేస్తదో నాకే ఎరుకలేదు. గా చెయ్యిని అంజన్న పేరు మీద ఎట్ల వెడుదు?" అంది. వెనక్కి పోయి కూర్చుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె కోసమే నన్ను పంపారు. ఆమే ఒట్టు పెట్టలేదు.

మర్నాడు పొద్దున ఆమె చేసిన పని గల్లీని మండించింది. అరుగు మీద అందరికీ కనబడేట్టు కూర్చుని, ఆ నానిన ఆకు కత్తిరించి బీడీలు చుట్టింది. ఒక్కతే. దారిన పోయేవాళ్ళు ఆగి తిట్టారు. "కార్ఖానా టేకేదారుకు అమ్ముడువోయింది" అన్నారు. సరోజన వచ్చి ఎదురుగా నిలబడి, "నీకు నేనేం పాపం జేసిన అక్కా?" అని ఏడ్చింది. మా అత్త తల ఎత్తి, "ఈ ఆకు ఒడువనీ సరోజనా, అయిపోనీ" అంది. అంతకన్నా ఒక్క మాట చెప్పలేదు. నేనైతే ఆ ఇంట్లో అన్నం తినకుండా వచ్చేశాను.

గల్లీలోంచి బస్టాండుకు నడుస్తుంటే ఒక విచిత్రం గమనించాను. పట్టపగలు తలుపులన్నీ వేసి ఉన్నాయి. లోపల కత్తెరల చప్పుడు. ఒట్టు పెట్టిన ప్రతి ఇంట్లోనూ. ఆకు బూజు పడితే ఆ నష్టం తమ మీదే పడుతుందని భయం. ఈ ఒక్క ఆకే కదా, ఇది అయిపోయాక మానేద్దాం అని ప్రతి మనిషీ తనకు తాను చెప్పుకుంది. ఒట్టు తప్పింది తానొక్కతే అనుకుంది. తెల్లారి నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. మేం మళ్ళీ సభ పెడితే మనుషులు రాలేదు. ఎట్లా వస్తారు, అంజన్న పేరు మీద పెట్టిన ఒట్టు తప్పినవాళ్ళు? ఆకు ఇస్తున్నామని కార్ఖానా నుంచి కబురు రాగానే, చీర కొంగు తల మీదికి లాక్కుని ఒక్కొక్కరే పోయి లైన్లో నిలబడ్డారు. సమ్మె అట్లా ముగిసింది.

ఆకలికి ఓడిపోతే ఎవరూ సిగ్గుపడరు. మావాళ్ళు సిగ్గుకు ఓడిపోయారు. ఇది నేను ఇప్పుడు చెబుతున్న మాట. అప్పుడు మాత్రం తప్పంతా మా అత్తదే అన్నాను. ఆమె చెయ్యి పెట్టి ఉంటే మిగతావాళ్ళు గట్టిగా నిలబడేవారన్నాను. నిజం చెప్పాలంటే ఈ విషయంలో నా కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ముందు ఎవరో ఒకరు కళ్ళు మూసుకుని దూకకపోతే ప్రపంచంలో ఏ సమ్మే మొదలుకాదు. అందరూ నానిన ఆకు గురించే ఆలోచిస్తే మనం ఇంకా వెట్టి చేస్తూనే ఉండేవాళ్ళం. ఈ మాట ఆమెతోనూ అన్నాను. "గదీ నిజమేరా" అంది. ఒప్పుకున్నందుకు ఇంకా కోపమొచ్చింది.

తర్వాతి సంగతి నాకు సరోజన చెప్పింది. కొంత నేనూ చూశాను.

గల్లీ మొత్తం ఆకు కోసం మళ్ళీ లైన్ కట్టిన పొద్దున, మా అత్త సరోజన తలుపు కొట్టింది. "నడువ్" అంది. ఇద్దరూ ఖాళీ గంపలతో పోయి లైన్లో నిలబడ్డారు. వంతు వచ్చాక, ఆకు తూచబోతున్న గుమాస్తాతో మా అత్త, "ముందు ఈమెకియ్యి" అంది. ఆమెకు లేదన్నాడు. "అయితె నాదీ ఉండనియ్యి" అని పక్కకు జరిగి, ఖాళీ గంపతో ఇంటికొచ్చేసింది. మర్నాడు కూడా అంతే. ఆ మర్నాడూ అంతే. అరవలేదు, ఎవరినీ రమ్మనలేదు. వానొచ్చినా, ఒంట్లో బాగలేకపోయినా పోయింది. ఒకపూట తిండికి తగ్గించుకుంది. కాయగూరల గంప నెత్తిన పెట్టుకుని మధ్యాహ్నాలు అమ్ముకొచ్చింది.

ప్రతి సాయంత్రం సరోజన వచ్చి అరుగు కింద నిలబడి అడిగేది. "అక్కా, రేపు పోదామా?"

"రేపటి ముచ్చట నాకేమెరుక? పొద్దుగాల లేస్తె జూద్దాం" అనేది మా అత్త. సరోజనకు భయంతో నిద్ర పట్టేది కాదట. రేపు ఈమె రాకపోతే నేనొక్కదాన్నే ఎట్లా నిలబడాలి అని. కానీ తెల్లారేసరికి సరోజన లేవకముందే మా అత్త గంపతో ఆమె వాకిట్లో ఉండేది.

నేనొకసారి పోయినప్పుడు ఉండబట్టలేక అడిగాను. "ఇట్ల ఎన్ని రోజులు చేస్తవత్తా?"

"ఇయ్యాల్టిదైతె అయిపోయింది."

"అది కాదు. సరోజన పేరు ఎక్కేదాకా పోతనని ఒక్క మాట చెప్పరాదా? ఆమెకు ధైర్యముంటది."

"చెప్పి, పోకపోతె? గప్పుడు ఆమెకు ఏముంటది?" అంది. "చెప్పుడు నాతోని కాదురా అల్లుడా. పోవుడైతె పోతున్న గద."

 

కొన్నాళ్ళకు ఒకరిద్దరు ఆడవాళ్ళు లైన్లో తమ వంతు వచ్చాక "ముందు సరోజనకియ్యి" అనడం మొదలుపెట్టారు. అని, ఆకు తీసుకునే పోయేవారు. పిల్లలున్నవాళ్ళు, తప్పుపట్టలేం. కానీ అనేవారు. ఈలోగా సంఘం తరఫున మేం జగిత్యాలలో అర్జీ ఇచ్చాం, ధర్నా చేశాం, విచారణకు ఒక అధికారి వచ్చాడు. ఆ గుమాస్తా కూడా మారాడు. చివరికొక రోజు కొత్త గుమాస్తా ఏమీ మాట్లాడకుండా సరోజన గంపలో ఆకు పోశాడు. పీఎఫ్‌లో పేరు నిలిచింది. సంఘం వల్లే అని మేం కరపత్రం వేశాం. "నీవల్లే అత్తా" అని నేను లోలోపల అనుకుని, ఒకనాడు పైకి కూడా అన్నాను. "ఎవలతోని అయ్యిందో నాకైతె తెల్వది" అంది. తన మీద కూడా ఆమెకు అనుమానమే!

సరోజన భీమండి పోలేదు. పిల్లలు ఇక్కడే చదువుకున్నారు. ఇప్పుడామెకు పింఛను వస్తోంది.

నేను కోరుట్ల చేరేసరికి గల్లీ నిండా జనం. సంఘం వాళ్ళూ వచ్చారు. అప్పటి కార్యదర్శి ముసలివాడైపోయాడు. కర్ర పట్టుకుని, చంకలో మడతపెట్టిన ఎర్రజెండాతో నా దగ్గరికి వచ్చాడు. "మీ అత్త మీద కప్పుదామంటవా? ఆమెకు మించి నిలవడ్డోళ్లు మనల ఎవరున్నరు?" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. మనస్ఫూర్తిగానే అడిగాడు. నాకూ కప్పాలనే ఉంది. ఇంత కాలం వాదించి గెలవలేనిది ఇప్పుడు గెలవొచ్చు కదా. ఆమె ఇక కాదనలేదు.

ఆ ఆలోచన వచ్చినందుకు నాకే అదోలా అనిపించింది. మరదలి వైపు చూశాను, ఆమె సరోజన వైపు చూసింది. సరోజన శవం కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. "వద్దన్నా" అంది కార్యదర్శితో, మెల్లగా. "కప్పితె లేసి కూసుంటది. నన్ను అడిగిండ్రా అంటది." ఆ ఏడుపుల మధ్యే ఆడవాళ్ళంతా నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వి, జెండా మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. పోకుండా, పాడె వెనకాలే నడిచాడు.

మా వైపు శవాన్ని తీసుకుపోతూ సగం దారిలో పాడె కిందికి దించుతారు. ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉందేమో, పిలిస్తే పలుకుతారేమో అని దగ్గరివాళ్ళు చెవిలో పిలుస్తారు. దింపుడు కల్లం అంటారు. పలికినవాళ్ళను నేను చూడలేదు. అయినా పిలవడం ఎవరూ మానలేదు. ముందు మరదలు వంగి "అమ్మా" అని పిలిచింది. తర్వాత నేను వంగి "అత్తా" అన్నాను. లేచి పక్కకు జరిగాను.

పాడె ఎత్తబోతుంటే సరోజన ముందుకొచ్చింది. రక్తసంబంధం కాదు, కులమూ ఒకటి కాదు. కానీ ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, మా అత్త చెవి మీది తెల్లవెంట్రుకలను పక్కకు తీసింది. నోరు చెవికి ఆనించి అడిగింది.

"అక్కా, రేపు పోదామా?"

మోసేవాళ్ళు కర్రల మీద చేతులు వేసి ఉన్నారు. ఎవరూ ఎత్తలేదు. ఎండ మండుతోంది. సరోజన తన చెవి మా అత్త పెదాల దగ్గర పెట్టి అట్లాగే వంగి ఉంది, మేమంతా నిలబడి ఉన్నాం.